ప్రొజెక్షన్ల నుంచి లోపలి బొమ్మ: ఎఫ్‌బీపీయా, ఇటరేటివా, న్యూరల్ నెట్‌వర్కా?

ఒక అల్యూమినియం కాస్టింగ్ లోపల గాలి బుడగ ఉందో లేదో, దాన్ని కోయకుండా తెలుసుకోవాలి. భాగాన్ని తిరిగే బల్ల మీద పెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ వందల ఎక్స్‌రే నీడలు (ప్రొజెక్షన్లు) తీస్తాం. నీడలోని ఒక్కో పిక్సెల్ చెప్పేది ఒకే సంగతి: ఎక్స్‌రే ట్యూబు నుంచి తన దాకా వచ్చిన దారిలో మొత్తం ఎంత పదార్థం అడ్డొచ్చిందో. ఆ దారిలో ఎక్కడ అడ్డొచ్చిందో దానికి తెలియదు. ఈ మొత్తాలన్నీ తీసుకుని లోపలి బొమ్మను కట్టడమే రీకన్‌స్ట్రక్షన్.

బెంగళూరులో ఈ పని చేసే తెలుగువాళ్లం తక్కువేమీ లేము. పీణ్య వైపు మెషీన్ భాగాలు స్కాన్ చేసే చోట్ల, వైట్‌ఫీల్డ్‌లో మెడికల్ స్కానర్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో మనవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో కొత్తగా వచ్చి చేరిన పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఎఫ్‌బీపీ పాతది కదా, ఇటరేటివ్ వాడదామా? లేకపోతే డైరెక్ట్‌గా డీప్ లెర్నింగ్‌కే వెళ్దామా?" ఎఫ్‌బీపీ అంటే ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్, నీడల్ని ఫిల్టర్ చేసి ఒక్కసారి వెనక్కి పరిచే పద్ధతి. ఇటరేటివ్ అంటే ఒక బొమ్మను ఊహించి, నీడలతో పోల్చి, పదేపదే దిద్దుతూ పోయేది. డీప్ లెర్నింగ్ అంటే ఆ పనిని న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పడం. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. గణితంలో నిరూపణ అయిన ఒక విషయం ఉంది: మనం తీసిన కోణాల సంఖ్య పరిమితంగా ఉన్నంత కాలం, ఆ నీడలన్నింటికీ సరిపోయే లోపలి బొమ్మ ఒక్కటే ఉండదు. ఆ కోణాల్లో దేనిలోనూ నీడే పడని ఆకృతుల్ని కట్టొచ్చు. వాటిని అసలు బొమ్మకు కలిపినా కొలతలు రవ్వంత కూడా మారవు. కాబట్టి ప్రతి పద్ధతీ కొలతల్లో లేనిదాన్ని ఏదో ఒక ఊహతో నింపక తప్పదు. పద్ధతుల మధ్య అసలు తేడా ఆ ఊహలోనే ఉంది. మీ వస్తువు విషయంలో ఏ ఊహ నిజమో, రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఏ ఊహకు మీరు పూచీ పడగలరో చూసి ఎంచుకోండి. పాతదా కొత్తదా అన్నది ఆ తర్వాతి మాట.

ముందు కొలతల్ని చూడండి

అల్గారిథమ్ పేరు ఎత్తకముందే నాలుగు సంగతులు తేల్చుకోవాలి: ఎన్ని కోణాలు తీశారు, ఆ కోణాలు మొత్తం చుట్టును కప్పాయా, ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఫోటాన్లు (ఎక్స్‌రే కణాలు) చేరాయి, వస్తువు మొత్తం డిటెక్టర్ (నీడను పట్టే పలక) వెడల్పులో పట్టిందా.

కోణాల లెక్కకు ఒక పాత సూత్రం ఉంది. కిరణాలు సమాంతరంగా ఉన్నప్పుడు, డిటెక్టర్ అడ్డంగా ఎన్ని పిక్సెళ్లో దానికి సుమారు 1.57 రెట్లు కోణాలు 180 డిగ్రీల్లో ఉండాలి. 1000 పిక్సెళ్లయితే దాదాపు 1570. ఆచరణలో ఇందులో సగమున్నా చాలా పనులు నడుస్తాయి. 200కో 100కో దిగితే మాత్రం పద్ధతి ఎంపిక నిజంగా ముఖ్యమవుతుంది.

ఫోటాన్ల లెక్కను కొత్తవాళ్లు తరచుగా వదిలేస్తారు. వస్తువు అడ్డు లేనప్పుడు ఒక పిక్సెల్‌కు 10,000 ఫోటాన్లు చేరుతున్నాయనుకోండి. వాటిలో సహజమైన ఊగిసలాట దాని వర్గమూలం, అంటే 100. ఒక్క శాతమే, టెన్షన్ లేదు. ఇప్పుడు మందపాటి స్టీలు అడ్డు పెట్టండి. తగ్గుదల ఘాతాంకం 5 అయితే (అంటే e⁻⁵ వంతుకు తగ్గితే) డిటెక్టర్‌ను చేరేవి సుమారు 67 ఫోటాన్లు. వాటి ఊగిసలాట 8, అంటే 12 శాతం. ఒకే స్కాన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు కిరణాల నమ్మకం ఇంత తేడాగా ఉండొచ్చు. రెండింటికీ సమానంగా విలువిచ్చే పద్ధతి కావాలా, బలహీనమైనదాన్ని తక్కువగా నమ్మే పద్ధతి కావాలా? ఎఫ్‌బీపీకీ ఇటరేటివ్ పద్ధతులకూ మధ్య తేడాలో చాలా భాగం ఈ ప్రశ్నలోనే ఉంది.

ఎఫ్‌బీపీ: ముందు దీంతోనే

ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్‌లో జరిగేది సూటిగా ఉంటుంది. ప్రతి నీడను ఒక ఫిల్టర్ గుండా పంపి, అది వచ్చిన దిశలోనే బొమ్మ మీద వెనక్కి పరిచి, అన్నింటినీ కూడతాం. ఫిల్టర్ లేకుండా పరిస్తే బొమ్మ మబ్బు పట్టినట్టు వస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు, అంటే బొమ్మలో నెమ్మదిగా మారే భాగాలు, అతిగా పోగుపడటమే అందుకు కారణం. ఆ పోగును సరిచేసే ర్యాంప్ ఫిల్టర్‌కు ప్రపంచమంతా వాడే పేరు రామ్-లాక్. అది ఇద్దరు మనుషుల పేర్లు కలిపి పెట్టింది. జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ 1971లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో ప్రచురించిన పేపర్ నుంచి వచ్చింది. అప్పటిదాకా చాలామంది నీడల ఫోరియర్ రూపాలు (ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసినవి) తీసి, వాటిని ద్విమితీయ ఫోరియర్ తలంలో అమర్చి, మధ్య ఖాళీలు పూరించి, మళ్లీ వెనక్కి మార్చేవారు. అప్పటి కంప్యూటర్లకు అది పెద్ద బరువు. అదే పనిని నీడల మీద నేరుగా ఒక కన్వల్యూషన్‌తో (పక్క పిక్సెళ్ల విలువల్ని తగిన బరువులతో కలపడంతో) చేసేయొచ్చని వీళ్లిద్దరూ చూపించారు. ప్రొటీన్ల ఆకృతికి రామచంద్రన్ ప్లాట్ ఇచ్చింది ఈ రామచంద్రనే. మద్రాసు యూనివర్సిటీలో చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌ను మొదలుపెట్టారు. ఇక్కడ పనిచేసే పిల్లలు సాఫ్ట్‌వేర్ మెనూలో రోజూ రామ్-లాక్ మీద క్లిక్ చేస్తూ ఈ సంగతి తెలియకుండా ఉండటం నాకు నచ్చదు. అందుకే ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెబుతాను.

ఎఫ్‌బీపీ వైపు నేను మొగ్గడానికి కారణం వేగం ఒక్కటే అనుకోకండి. ఇది లీనియర్ పద్ధతి. కొలతలో ఇంత తప్పు ఉంటే బొమ్మలో ఎంత తప్పు వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. రిజల్యూషన్ వస్తువును బట్టి మారిపోదు. కోణాలు చాలకపోతే గీతలు కనిపిస్తాయి. నాయిస్ (కొలతల్లోని ఊగిసలాట) ఎక్కువైతే గరుకుగా కనిపిస్తుంది. తప్పు తప్పులాగే కనిపిస్తుంది, పదార్థం లాగా వేషం వేసుకోదు. కొలత పనికి, అంటే గోడ మందం ఎంత, రంధ్రం వ్యాసం ఎంత అని చెప్పాల్సిన చోట, ఈ గుణానికి చాలా విలువ ఉంది.

ర్యాంప్ ఫిల్టర్ హై ఫ్రీక్వెన్సీలను పెంచుతుంది కాబట్టి నాయిస్‌ను కూడా పెంచుతుంది. షెప్-లోగన్, హ్యామింగ్, హాన్ లాంటి ఫిల్టర్లు ఆ పెంపును పై ఫ్రీక్వెన్సీల్లో కాస్త అణుస్తాయి. అంచులు పదునుగా కావాలంటే రామ్-లాక్, కంటికి నునుపుగా కావాలంటే హాన్. కొలతల రిపోర్టుకు హాన్ వాడితే చిన్న రంధ్రాల అంచులు మెత్తబడతాయని మరచిపోకండి.

పీణ్యలో మీరు చూసే స్కానర్లలో కిరణాలు శంకువులా విచ్చుకుంటాయి. అక్కడ ఎఫ్‌బీపీకి వచ్చే రూపం ఎఫ్‌డీకే. ఫోర్డ్ మోటార్ కంపెనీలో పనిచేసిన ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ 1984లో ఇచ్చింది. గుండ్రంగా ఒక్క చుట్టు తిప్పి తీసిన శంకు స్కాన్‌లో మధ్య పొర తప్ప మిగతా పొరలకు సమాచారం పూర్తిగా ఉండదు. తిరిగే తలానికి సమాంతరంగా ఉండే చదునైన ముఖాలు, ముఖ్యంగా పైన, కింద ఉన్నవి, చెదిరినట్టు వస్తాయి. దీనికి కొత్త అల్గారిథమ్ కోసం పరుగెత్తే ముందు భాగాన్ని ఫోమ్ మీద కాస్త వాలుగా నిలబెట్టి మళ్లీ స్కాన్ చేయండి. చాలాసార్లు అదే చాలు.

ఇటరేటివ్: కొత్తదన్న మాట సరికాదు

లోపలి బొమ్మను తెలియని అంకెల గళ్లగా, ఒక్కో కిరణాన్ని ఒక్కో సమీకరణంగా రాసుకుని, ఊహించిన బొమ్మ నుంచి నీడలు లెక్కకట్టి, అసలు నీడలతో పోల్చి, తేడాను వెనక్కి పంచుతూ పోవడం ఈ దారి. పత్రికల్లో అడ్డం, నిలువు మొత్తాలిచ్చి గళ్లు నింపమనే అంకెల పజిల్‌ను చెరిపి దిద్దుతూ నింపినట్టే. పోలండ్ గణితవేత్త కాచ్‌మార్జ్ ఈ దిద్దుబాటును 1937లోనే రాశాడు. గోర్డన్, బెండర్, హెర్మన్ 1970లో దాన్నే ఏఆర్‌టీ (ఆల్జీబ్రాయిక్ రీకన్‌స్ట్రక్షన్ టెక్నిక్) పేరుతో ఇమేజింగ్‌లోకి తెచ్చారు. సీటీ స్కానర్ కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ తొలి తల స్కానర్ 180 కోణాల్లో, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు తీసి 80×80 గళ్ల బొమ్మను కట్టింది. అది కట్టింది ఇలాంటి దిద్దుబాటుతోనే. కన్వల్యూషన్ పద్ధతి స్కానర్లలోకి ఆ తర్వాత వచ్చింది. కాబట్టి ఎఫ్‌బీపీ పాతది, ఇటరేటివ్ కొత్తది అనే వరస చరిత్రలో తలకిందులు. పెరిగింది కంప్యూటర్ శక్తి.

ఏఆర్‌టీ కిరణం తర్వాత కిరణం దిద్దుతుంది, త్వరగా దగ్గరికొస్తుంది, నాయిస్ ఉంటే బొమ్మ ఉప్పు కారం చల్లినట్టు తయారవుతుంది. ఎస్‌ఐఆర్‌టీ అన్ని కిరణాల తేడాలూ కలిపి ఒకేసారి దిద్దుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, నునుపుగా ఉంటుంది. రెండింటికీ మధ్యలో ఎస్‌ఏఆర్‌టీ, 1984లో ఆండర్సన్, కాక్ ఇచ్చింది. నన్నడిగితే కోణాలు 200 నుంచి 400 మధ్య, నాయిస్ ఓ మోస్తరుగా ఉంటే ఎస్‌ఐఆర్‌టీతో మొదలుపెట్టమంటాను.

ఇక్కడ ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది: ఎన్ని చుట్లు తిప్పాలన్నది కూడా ఒక ఎంపికే. మొదటి చుట్లలో బొమ్మ మెరుగవుతుంది. ఒక దశ దాటాక కొలతల్లోని నాయిస్‌ను కూడా నిజమని నమ్మి దాన్నే బొమ్మలోకి దింపడం మొదలవుతుంది. 30 దగ్గర ఆపితే ఒక బొమ్మ, 300 దగ్గర ఆపితే ఇంకో బొమ్మ. పైగా రిజల్యూషన్ బొమ్మంతటా ఒకేలా ఉండదు. ఒక భాగం త్వరగా తేలుతుంది, ఇంకోటి ఆలస్యంగా. అందుకే ఒకే రకం భాగాల్ని నెలల తరబడి పోల్చాల్సిన పని ఉంటే, చుట్ల సంఖ్యను ఒకసారి తేల్చి, రిపోర్టులో రాసి, దాన్ని మార్చకండి.

ఖర్చు లెక్క కూడా చూసుకోవాలి. ఒక్కో చుట్టుకు ఒక ముందు ప్రొజెక్షన్, ఒక వెనక ప్రొజెక్షన్ కావాలి. 100 చుట్లంటే 200 సార్లు. ఎఫ్‌బీపీకి వెనక్కి పరచడం ఒక్కసారే. 1000×1000×1000 గళ్ల బొమ్మంటే 100 కోట్ల అంకెలు, ఒక్కోటి 4 బైట్లయితే 4 జీబీ. ప్రతి వైపూ రెట్టింపు చేస్తే 32 జీబీ. అది 24 జీబీ గ్రాఫిక్స్ కార్డులో పట్టదు, ముక్కలు చేసి నడపాలి. రోజుకు నలభై భాగాలు చూడాల్సిన లైనుకు ఈ లెక్క ముందు వేసుకోకపోతే తర్వాత ఇబ్బంది.

పెట్, స్పెక్ట్ స్కాన్ల (శరీరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూసేవి) సంగతి వేరు. అక్కడ కొలిచేది శరీరం లోపలి నుంచి వచ్చే తక్కువ సంఖ్యలో ఫోటాన్లను. పాయిసాన్ గణాంకాలను (ఫోటాన్ల లెక్కలో ఊగిసలాట ఎలా ఉంటుందో చెప్పే సూత్రాన్ని) నేరుగా వాడుకునే ఎంఎల్‌ఈఎం, దాన్ని వేగవంతం చేసిన ఓఎస్‌ఈఎం అక్కడ సహజమైన ఎంపిక. మొదటిది షెప్, వార్డి 1982లో, రెండోది హడ్సన్, లార్కిన్ 1994లో ఇచ్చారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎఫ్‌బీపీతో కాలక్షేపం చేయనక్కర్లేదు.

వస్తువు గురించి ముందే తెలిస్తే

కోణాలు వందకు తగ్గినప్పుడు కొలతలు ఒక్కటే సరిపోవు. వస్తువు గురించి మనకు తెలిసింది కలపాలి. ఎక్కువగా వాడేది టోటల్ వేరియేషన్. బొమ్మలో పెద్ద పెద్ద సమతల ప్రాంతాలు, వాటి మధ్య పదునైన అంచులు ఉంటాయన్నది దీని ఊహ. కాండెస్, రోమ్‌బర్గ్, టావ్ 2006లో షెప్-లోగన్ ఫాంటమ్‌ను (తల అడ్డకోతను పోలిన పరీక్ష బొమ్మను) ఫోరియర్ తలంలోని 22 గీతల కొలతలతోనే అచ్చంగా తిరిగి కట్టి చూపించారు. ఆ ఫలితం చూసి చాలామంది పొంగిపోయారు. కానీ ఆ ఫాంటమ్ పూర్తిగా సమతల ప్రాంతాలతో చేసిన బొమ్మ. ఊహకు సరిగ్గా సరిపోయిన వస్తువది.

అల్యూమినియం, గాలి అనే రెండే పదార్థాలున్న కాస్టింగ్‌కు ఈ ఊహ దాదాపు నిజం. టేకు చెక్కకు, ఎముక లోపలి జాలికి, కార్బన్ ఫైబర్ అల్లికకు, మట్టి నమూనాకు ఇది అబద్ధం. నిజమైన సన్నని అల్లికను చదును చేసి రంగుల కాగితం అతికించినట్టు చూపిస్తుంది. కాస్టింగ్‌లోనైనా ఒక ప్రమాదం ఉంది. టోటల్ వేరియేషన్ చిన్న మచ్చల కాంట్రాస్ట్‌ను తగ్గిస్తుంది, ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా. రెగ్యులరైజేషన్ అంకెను (ఆ ఊహకు ఎంత బరువివ్వాలో చెప్పేదాన్ని) కాస్త పెంచితే చాలు, అసలు వెతుకుతున్న బుడగే మాయమవుతుంది, బొమ్మ మాత్రం అంతకుముందుకన్నా శుభ్రంగా ఉంటుంది. బుడగలున్నాయో లేవో తేల్చే పనికి ఇది వాడాలంటే, తెలిసిన వ్యాసంతో రంధ్రాలు తొలిచిన ఒక నమూనా ముక్కను అదే సెట్టింగులతో స్కాన్ చేసి, ఎంత చిన్న రంధ్రం దాకా నిలుస్తోందో ముందు చూడాలి. ఆ పని చేయకుండా వచ్చిన శుభ్రమైన బొమ్మను నేను ఒప్పుకోను.

పదార్థాలు రెండో మూడో అని, వాటి గ్రే విలువలు (బొమ్మలో ఒక్కో పదార్థానికి వచ్చే అంకెలు) కూడా ఖచ్చితంగా తెలిస్తే డార్ట్ అనే పద్ధతి ఇంకా తక్కువ కోణాలతో పని చేస్తుంది. బాటెన్‌బర్గ్, సిజ్‌బర్స్ 2011లో ప్రచురించారు. గ్రే విలువ తప్పుగా ఇస్తే అంచులు కూడా తప్పుతాయి.

న్యూరల్ నెట్‌వర్కులు

వీటిలో మూడు దారులున్నాయి. ఎఫ్‌బీపీ బొమ్మను తీసుకుని గీతల్ని తుడిచే నెట్‌వర్క్ ఒకటి. ఇటరేటివ్ చుట్లను విప్పి, ఒక్కో చుట్టులో కొలతలతో పోలుస్తూనే కొంత నేర్చుకున్న భాగాన్ని కలపడం రెండోది. శుభ్రమైన నమూనా అవసరం లేకుండా, అదే స్కాన్‌లోని కోణాల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపును ఊహించడం నేర్పి నాయిస్ తగ్గించడం మూడోది. 2020లో వచ్చిన నాయిస్‌టుఇన్వర్స్ ఈ కోవలోది.

నేను ముందు నమ్మేది మూడోదాన్ని, తర్వాత రెండోదాన్ని. మొదటి దారిలో నెట్‌వర్క్ చివరి బొమ్మను కొలతలతో మళ్లీ సరిచూడదు. తను నేర్చుకున్న వేల బొమ్మల్లో ఏముందో దాంతో ఖాళీలు నింపుతుంది. మంచి కాస్టింగులతోనే శిక్షణ పొందితే, చెడ్డ కాస్టింగ్‌ను కూడా మంచిదిగా చూపించే అవకాశం ఉంది. 2020లో ఆంటున్, ఆయన సహచరులు చేసిన పరిశీలనలో కొలతల్లో కంటికి ఆనని చిన్న మార్పు కూడా కొన్ని నెట్‌వర్కుల బొమ్మల్లో పెద్ద తప్పులు తెచ్చింది. ఇలాంటి తప్పులు ఎప్పుడూ గీతల్లాగో మచ్చల్లాగో ఉండవు, ఒక్కోసారి నిజమైన కణజాలం లాగా, నిజమైన లోహం లాగా కనిపించవచ్చు. ఒక మనిషి చికిత్స ఆ బొమ్మ మీద ఆధారపడి ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

వీటిని వాడొద్దని నా మాట కాదు. లక్షల కొద్దీ ఒకేరకం స్కాన్లు చేసే చోట, వేగం కావాల్సిన చోట ఇవి చాలా మేలు చేస్తాయి. వాడితే వచ్చిన బొమ్మ నుంచి మళ్లీ నీడలు లెక్కకట్టి అసలు నీడలతో పోల్చండి. కొలతలకే విరుద్ధంగా ఉన్న బొమ్మను కనీసం అలా పట్టుకోవచ్చు.

ఒక వైపే కనిపించే వస్తువు

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఈ సమస్య రోజూ ఉంటుంది. సర్క్యూట్ బోర్డు వెడల్పుగా, పల్చగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే కిరణాలు దాటవు. అందువల్ల 360 డిగ్రీల్లో చాలా కోణాలు పనికిరావు. ఈ స్థితిలో ఏం కనిపిస్తుందో చెప్పే సూత్రం గట్టిది: ఒక అంచును తాకుతూ వెళ్లిన కిరణం మన కొలతల్లో ఉంటే ఆ అంచు నమ్మకంగా బయటపడుతుంది, లేకపోతే బయటపడదు. ఎలాంటి రెగ్యులరైజేషన్ పెట్టినా ఆ అంచు ఊహే అవుతుంది. చీలిక ఏ దిశలో ఉండొచ్చో మీకు తెలిస్తే, ఆ దిశకు సమాంతరంగా కిరణాలు వెళ్లేలా స్కాన్ కోణాల్ని ఎంచుకోండి. బోర్డుల మీద సోల్డర్ బంతులు చూడాలంటే మామూలు సీటీ కంటే, బోర్డును వాలుగా పెట్టి తిప్పే ల్యామినోగ్రఫీ మేలు. ఈ ఎంపిక ముందు అల్గారిథమ్ ఎంపిక చిన్నది.

అల్గారిథమ్ మీద నెపం వేయకూడని తప్పులు

ఇవి త్వరగా చెబుతాను. తిరిగే అక్షం లెక్కలో అర పిక్సెల్ తప్పినా అంచులు రెండుగా కనిపిస్తాయి. అది సరిచేయకుండా ఎఫ్‌బీపీ బాగోలేదని ఇటరేటివ్‌కు మారితే అవే రెండు అంచులు ఎక్కువ ఖర్చుతో వస్తాయి. గుండ్రటి వలయాలు కనిపిస్తే డిటెక్టర్ పిక్సెళ్ల కాలిబ్రేషన్ చూడండి. లోహం మధ్యలో నల్లగా, అంచుల్లో తెల్లగా ఉంటే అది బీమ్ హార్డెనింగ్, అంటే తక్కువ శక్తి ఎక్స్‌రేలు ముందే ఆగిపోవడం. ట్యూబు ముందు రాగి రేకు పెట్టండి, ఓల్టేజీ పెంచి చూడండి. వస్తువు డిటెక్టర్‌ను దాటి బయటికి పోతే బొమ్మ చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. నీడల చివర్లను నునుపుగా సున్నాకు దింపి పొడిగిస్తే చాలా వరకు తగ్గుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

నేర్చుకునేవాళ్లకు పైథాన్‌లోని సైకిట్-ఇమేజ్ చాలు. అందులో ఎఫ్‌బీపీ, ఎస్‌ఏఆర్‌టీ రెండూ ఉన్నాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో షెప్-లోగన్ ఫాంటమ్ మీద నడుస్తాయి. నిజమైన శంకు స్కాన్లకు ఆస్ట్రా టూల్‌బాక్స్, టైగర్ రెండూ ఉచితం, గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తాయి. ఇటరేటివ్ పద్ధతులు రకరకాలుగా పోల్చాలంటే టైగర్ సులువు. సొంత పద్ధతి రాసుకోవాలంటే ఆస్ట్రా మేలు. సింక్రోట్రాన్ (కణాల్ని వేగంగా తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) డేటా అయితే టోమోపై.

మీ చేతిలో ఇప్పుడు ఒక స్కాన్ ఉంటే ఇలా చేయండి. ముందు రామ్-లాక్‌తో ఎఫ్‌డీకే నడపండి. అందులో కనిపించే తప్పు ఏ రకమో పేరు పెట్టి రాసుకోండి. గీతలైతే కోణాలు చాలలేదు, ఎస్‌ఐఆర్‌టీ ప్రయత్నించండి. రెండే పదార్థాలైతే టోటల్ వేరియేషన్ కూడా ప్రయత్నించండి. గరుకైతే నాయిస్, ఫిల్టర్ మార్చండి లేదా ఎక్స్‌పోజర్ పెంచండి. తర్వాత వరసలో సరి స్థానాల్లో (2, 4, 6...) ఉన్న కోణాలతో ఒక బొమ్మ, బేసి స్థానాల్లో (1, 3, 5...) ఉన్నవాటితో ఇంకో బొమ్మ కట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయండి. రెండింట్లోనూ నిలిచే బుడగను నమ్మొచ్చు. ఒక్కదాంట్లోనే కనిపించేదాన్ని రిపోర్టులోకి ఎక్కించే ముందు మళ్లీ స్కాన్ చేయాలి. కట్టిన బొమ్మతో పాటు అసలు నీడల్నీ దాచండి. 1000×1000 పిక్సెళ్ల 1570 నీడలు 4 బైట్ల చొప్పున 6.3 జీబీ లోపే. రేపు మెరుగైన పద్ధతి వచ్చినా, కస్టమర్ ప్రశ్న వేసినా, మళ్లీ కట్టుకోవడానికి కావాల్సింది అదే.